డిఫ్ తీసినా చావని అబద్ధం

"ప్రపంచాన్ని తెరవెనకనుంచి నడిపేది యూదులే" అనే మాట ఎప్పుడో ఒకప్పుడు మీరూ వినే ఉంటారు. ఈ కథని దేశదేశాలూ తిప్పిన పుస్తకం ఒకటుంది... పచ్చి కాపీ-పేస్ట్!

1864లో మారిస్ జోలీ అనే ఫ్రెంచి లాయరు మూడో నెపోలియన్ నియంతృత్వాన్ని ఎద్దేవా చేస్తూ ఓ పుస్తకం రాశాడు. అందులో యూదుల మీద కుట్ర ఆరోపణే లేదు. తర్వాతెవరో అందులోని మాటల్ని ఎత్తేసి, యూదు పెద్దల నోట పలికించారు. అదే "జియాన్ పెద్దల ప్రోటోకాల్స్". 1903లో రష్యాలో క్రుషెవాన్ తన పత్రికలో సీరియల్‌గా అచ్చేశాడు. అదే ఏడాది కిషినేవ్‌లో జరిగిన యూదుల ఊచకోతకి ముందు, అక్కడి పత్రికలో విషం కక్కిందీ ఈయనే.

1921లో లండన్ టైమ్స్ విలేకరి ఫిలిప్ గ్రేవ్స్ రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, మన భాషలో చెప్పాలంటే డిఫ్ తీసి, దొంగతనం బయటపెట్టాడు. మరి బగ్ క్లోజయిందా? లేదు. పత్రికలు అది ఫేక్ అని గోలపెట్టడమే అది నిజమనడానికి రుజువని హిట్లర్ "మైన్ కాంఫ్"లో వాదించాడు. నాజీలు దాన్ని బళ్ళలోకీ తీసుకెళ్ళారు.

చూశారా? టెస్ట్ ఫెయిలైతే అదే పాస్ కింద లెక్క! అందుకే ఇలాంటివి నమ్మేవాళ్ళతో ఆధారాల గురించి గంటలకొద్దీ వాదించేముందు ఒక్కటడగండి: "ఏం చూపిస్తే ఇది అబద్ధమని ఒప్పుకుంటావు?" జవాబు లేకపోతే అది అభిప్రాయం కాదు, ద్వేషం.