పులిహోర కలిపే ముందు ఓ మాట

అరకు ప్రయాణం అనుకోగానే మనం ముందు చూసుకునేవి ఏమిటి? పులిహోర, పెరుగన్నం, పిల్లలకు స్వెట్టర్లు. అంతేనా? దారిలో ఏ జలాశయమో కనిపిస్తే పిల్లలు పడవెక్కుదామని మారాం చేస్తారు. సరేనంటాం. లైఫ్ జాకెట్ ఇస్తే మాత్రం, ‘అబ్బ, ఉక్క! పైగా చీర మీద ఇదేం బాగుంటుంది, ఫొటో పాడవుతుంది’ అని పక్కన పెట్టేస్తాం. అవునా, కాదా?

2019 సెప్టెంబరు 15, ఆదివారం. మన తూర్పు కనుమల్లోనే, పాపికొండలు చూడబోయిన పడవ కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో మునిగిపోయింది. 77 మందిలో బతికి బయటపడింది 26 మందే. ఒడ్డునున్న పల్లెవాళ్ళు తమ పడవలు వేసుకొచ్చి అందినవాళ్ళను లాగారు. అప్పుడే భోజనాల వేళ కావడంతో కొందరు జాకెట్లు విప్పేశారని బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ మాట విన్నాక కూడా ఉక్క అంటామా?

అందుకని, పడవెక్కే ముందే పైట భుజానికి పిన్ను పెట్టుకుని, కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి. జాకెట్ పైట మీదే వేసుకుని బకిల్స్ అన్నీ బిగించండి. పిల్లలకు పిల్లల సైజే అడగండి. వేశాక భుజాల దగ్గర పట్టి పైకి లాగి చూడండి. అది గడ్డం దాకా లేచివస్తే వదులుగా ఉన్నట్టే. పడవలో ఎంతమందిని ఎక్కించాలో అడిగి తెలుసుకోండి. ఎక్కువైతే దిగిపోండి, మొహమాటం వద్దు. ఫొటో కోసం అందరూ ఒకే పక్కకు చేరకండి. వరద రోజుల్లో అసలు ఎక్కవద్దు.

ఇక రెండో విషయం. అనంతగిరి కొండల్లో పుట్టిన గోస్తని బొర్రా గుహల పక్కగా పారి తాటిపూడి జలాశయంలో చేరుతుంది. విశాఖ వాసులు తాగే నీళ్ళలో కొన్ని అక్కడివే. అంటే మనం పైన విసిరిన ప్లాస్టిక్ కవరు కింద ఎవరి బిందెలోకో నీళ్ళిచ్చే చెరువులో తేలుతుందన్నమాట! అన్నం స్టీలు డబ్బాల్లో సర్దండి. చెత్తకో గుడ్డసంచి పెట్టుకుని ఇంటికే తెచ్చేయండి. చాపరాయి దగ్గర నీళ్ళలో ఆడుకోండి గానీ, సబ్బులూ షాంపూలూ వద్దు. మిగిలిన అన్నం చేపలకని నీళ్ళలో వెయ్యకండి, అది కుళ్ళి నీళ్ళే పాడవుతాయి.

మనం ముందు జాకెట్ బిగించుకుంటే పిల్లలూ, వాళ్ళ నాన్నగారూ మారుమాట్లాడకుండా వేసుకుంటారు. ఏమంటారు?