గద్వాలకూ గచ్చిబౌలికీ ఒకే రూ.19 ఎలా?

ఏటీఎం చార్జీల మీద చర్చ వచ్చిన ప్రతిసారీ ఖాతాదారు జేబు చుట్టూనే తిరిగి ఆగిపోతుంది. 2025 మే 1న ఉచిత పరిమితి దాటిన లావాదేవీకి గరిష్ఠ చార్జీ రూ.21 నుంచి రూ.23కు పెరిగినప్పుడూ అంతే జరిగింది. పేదల నడ్డి విరుస్తున్నారని ఒక పక్షం, యూపీఐ ఉండగా ఏటీఎంలు దేనికని మరో పక్షం వాదించాయి. అదే రోజు మారిన ఇంకో అంకెను రెండు పక్షాలూ వదిలేశాయి. వేరేవారి ఏటీఎంలో డబ్బు తీసుకున్నప్పుడు మన కార్డు ఇచ్చిన బ్యాంకు ఆ ఏటీఎం నడిపేవారికి చెల్లించే ఇంటర్‌చేంజ్ రుసుము రూ.17 నుంచి రూ.19 అయింది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో కొత్త ఏటీఎం తెరుచుకుంటుందా, ఉన్నది మూతపడుతుందా అన్నది తేల్చేది ఈ అంకే. అది హైదరాబాద్ నగరంలోని గచ్చిబౌలికీ గద్వాల జిల్లాలోని గట్టు మండలానికీ ఒకటే కావడం తప్పు. ఆ తప్పును దిద్దమని 2019లోనే ఒక కమిటీ చెప్పింది.

రిజర్వు బ్యాంకు ఆ ఏడాది జూన్‌లో వి.జి. కన్నన్ అధ్యక్షతన వేసిన కమిటీ అక్టోబరులో నివేదిక ఇచ్చింది. 10 లక్షల జనాభాను గీతగా పెట్టింది. ఆ గీతకు పైనున్న నగరాల్లో నగదు లావాదేవీకి రూ.17, నిల్వ చూసుకోవడం వంటి వాటికి రూ.7 ఇవ్వమంది. గీతకు కింద ఉన్న ఊళ్లలో రూ.18, రూ.8 ఇవ్వమంది. చిన్న ఊళ్లో ఏటీఎం నడపడం కష్టమని బ్యాంకింగ్ రంగమే రాతపూర్వకంగా ఒప్పుకున్న సందర్భం అది. 2021 ఆగస్టు 1 నుంచి అమలైందేమిటి? దేశమంతటా ఒకే రూ.17, ఒకే రూ.6. పెంపును తీసుకున్నారు, గీతను చెరిపేశారు.

2011 జనగణన ప్రకారం తెలంగాణలో 10 లక్షలు దాటిన నగరం హైదరాబాద్ ఒక్కటే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో పట్టణాల మాట అటుంచి, ఏ ఒక్క జిల్లా మొత్తం జనాభా కూడా 10 లక్షలకు చేరదు. ఆ గీత ఉండి ఉంటే అలంపూర్ నుంచి అచ్చంపేట దాకా ప్రతి యంత్రానికీ రూ.18 వచ్చేది. నిల్వ చూసుకునే లావాదేవీ సంగతి మరీ అన్యాయం. 2019లో చిన్న ఊళ్లకు సిఫార్సు చేసింది రూ.8. 2025 పెంపు తర్వాత కూడా వస్తున్నది రూ.7. ధాన్యం డబ్బు పడిందా, రైతు భరోసా జమ అయిందా అని కార్డు పెట్టి చూసుకుని వెళ్లిపోయేవాళ్లు ఎక్కువగా ఉండేది పల్లెల్లోనే. వాళ్ల కోసం నడిచే యంత్రానికి ఆ కమిటీ చెప్పిన రేటు నేటికీ దక్కలేదు.

ఇక ఖర్చు లెక్క. పెబ్బేరులోనో కల్వకుర్తిలోనో ఎరువుల దుకాణం నడిపే వ్యాపారి ఏటీఎం కొని తన పేరు మీద పెట్టుకోలేడు. బ్యాంకులు కాని కంపెనీలు నడిపే వైట్ లేబుల్ ఏటీఎంలకు రిజర్వు బ్యాంకు అనుమతి ఉండాలి, 2012 మార్గదర్శకాల ప్రకారం రూ.100 కోట్ల నికర విలువ ఉన్న కంపెనీకే అది దొరుకుతుంది. వ్యాపారి చేరేది ఆ కంపెనీ ఫ్రాంచైజీగా. డిపాజిట్, గది, కరెంటు, ఏసీ, యూపీఎస్ అతనివి. చాలా ఒప్పందాల్లో యంత్రంలో పెట్టే నగదూ అతనిదే. రూ.19 మొత్తం అతని చేతికి రాదు, కంపెనీ వాటా పోయాకే వస్తుంది.

రూ.19 మొత్తం వచ్చినా లెక్క చూడండి. యంత్రంలో, తిరుగుడులో కలిపి రూ.10 లక్షలు ఎప్పుడూ ఉండాలనుకుందాం. ఏడాదికి 10 శాతం వడ్డీ అనుకున్నా నెలకు రూ.8,333. అంటే వడ్డీ ఒక్కదానికే దాదాపు 440 లావాదేవీలు, రోజుకు పదిహేను మంది కావాలి. అద్దె, కరెంటు, బీమా, మరమ్మతులు ఆ తర్వాత. గచ్చిబౌలిలో ఆ పదిహేను మంది పొద్దున్నే వచ్చిపోతారు. గద్వాల వైపు సీడ్ పత్తి డబ్బులు, వనపర్తి వైపు పల్లీ, వరి డబ్బులు చేతికొచ్చే రోజుల్లో యంత్రం ముందు వరుస కడతారు. మిగతా నెలల్లో యంత్రం ఖాళీగా నిలబడుతుంది, వడ్డీ మాత్రం పరుగెడుతుంది.

పైగా నిబంధనలు చిన్న ఊరి మీదే బరువుగా పడతాయి. కేంద్ర హోంశాఖ నియమాల ప్రకారం నగరాల్లో రాత్రి 9 దాకా నగదు నింపవచ్చు, గ్రామీణ ప్రాంతాల్లో సాయంత్రం 6కే ఆపాలి. 2021 అక్టోబరు నుంచి నెలలో పది గంటలకు మించి యంత్రంలో నగదు లేకపోతే రూ.10,000 జరిమానా. వైట్ లేబుల్ ఏటీఎం విషయంలో అది నగదు ఇచ్చే బ్యాంకు మీద పడుతుంది, బ్యాంకు దాన్ని ఆపరేటర్ నుంచి రాబట్టుకోవచ్చు. రూ.10,000 అంటే 526 లావాదేవీల రాబడి. 2026 మార్చి 31 నాటికి 90 శాతం ఏటీఎంలలో కనీసం ఒక క్యాసెట్ నుంచి రూ.100 లేదా రూ.200 నోట్లు రావాలని రిజర్వు బ్యాంకు చెప్పింది. మంచి నియమమే, కూలీకి చిల్లర దొరుకుతుంది. కానీ క్యాసెట్‌లో 2,000 నోట్లు పెడితే రూ.500వి పది లక్షలు, రూ.100వి రెండు లక్షలే. అంటే మరిన్నిసార్లు నింపాలి, మరింత ఖర్చు. ఆ ఖర్చు ఎవరు భరించాలో మాత్రం చెప్పలేదు.

ఇంటర్‌చేంజ్ పెంచితే బ్యాంకుల మీద భారం పడుతుందని, యూపీఐ వల్ల నగదు వాడకం తగ్గుతోందని అంటారు. రెండూ అబద్ధం కావు. అయితే కన్నన్ కమిటీ అడిగింది ఒక్క రూపాయి తేడా. ఇక యూపీఐ విషయానికొస్తే, క్యూఆర్ కోడ్‌లు, పీఓఎస్ యంత్రాలు చిన్న ఊళ్లకు చేరడానికి రిజర్వు బ్యాంకే 2021 జనవరి నుంచి టైర్-3 నుంచి టైర్-6 దాకా ఊళ్లకు (జనాభా తగ్గేకొద్దీ టైర్ అంకె పెరుగుతుంది) ప్రత్యేక నిధి నుంచి రాయితీ ఇచ్చింది. ఊరి పరిమాణాన్ని బట్టి చెల్లింపు మారవచ్చని అక్కడ అంగీకరించిన సంస్థ, ఏటీఎం దగ్గరకొచ్చేసరికి ఎందుకు అంగీకరించదు?

టైర్ల లెక్కలో కూడా మనకు న్యాయం లేదు. వైట్ లేబుల్ ఏటీఎంల 2012 నియమాలు టైర్-1, టైర్-2లను ఒక వర్గంగా, మిగతా వాటిని మరో వర్గంగా చూశాయి. 50 వేల జనాభా దాటితే టైర్-2. అలా గద్వాల, వనపర్తి పట్టణాలు హైదరాబాద్ పక్కన చేరాయి. ప్రోత్సాహానికి అవి పెద్దవి. వ్యాపారానికి అవి చిన్నవి. 10 లక్షల గీత ఈ అన్యాయాన్ని ఒక్క దెబ్బతో సరిచేసేది. ఆ గీతనే చెరిపేశారు.

ఫలితం ఎవరి మీద పడుతుందో అందరికీ తెలుసు. యంత్రం లేని ఊళ్లో ఫోన్‌లో డబ్బు పంపించుకుని, వెయ్యికి పదో ఇరవయ్యో కోసుకుని నగదు ఇచ్చే దుకాణాలే దిక్కు. వెయ్యికి ఇరవై చొప్పున ఐదు వేలకు వంద రూపాయలు. ఉచిత పరిమితి దాటాక కట్టే రూ.23 మీద గొంతు చించుకున్నవాళ్లు ఈ వంద రూపాయల గురించి నోరు మెదపరు. చిన్న ఊరి ఏటీఎంకు ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వడానికి ఒప్పుకోని వ్యవస్థ, పేదవాడు వంద పోగొట్టుకోవడానికి మాత్రం ఒప్పుకుంటోంది. ఇది పేదల పక్షం ఎంతమాత్రం కాదు.

2025 నుంచి ఇంటర్‌చేంజ్‌ను నిర్ణయించేది ఏటీఎం నెట్‌వర్కే. కాబట్టి బాధ్యత ఎవరిదన్న సందేహం అక్కర్లేదు. ఆ నెట్‌వర్క్ నడిపే ఎన్‌పీసీఐ 10 లక్షల గీతను తిరిగి పెట్టాలి, గీత కింద నగదు లావాదేవీకి కనీసం రూ.20, మిగతా వాటికి కనీసం రూ.8 ఇవ్వాలి. రిజర్వు బ్యాంకు చిన్న నోట్ల అదనపు ఖర్చును లెక్కకట్టి ఆ ఊళ్లకు చెల్లించాలి. నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్ ఎంపీలు ఈ ఒక్క ప్రశ్న పార్లమెంటులో అడగాలి: 2019లో ఇవ్వమన్న రూ.8 మా ఊళ్లకు ఇంతవరకూ ఎందుకు ఇవ్వలేదు?