కలికాలం అనేస్తే సరిపోతుందా?

ఎన్నికలు ముగిసి నాలుగు నెలలు గడిచాయంటే నెల్లూరు టీ బంకుల దగ్గర ఒక మాట ఖాయంగా వినిపిస్తుంది: "ఇంక ఈ దేశం బాగుపడేది లేదులే సామీ, కలికాలం." చదువుకున్నవాళ్లు అదే మాటకు పెద్ద పేర్లు తగిలిస్తారు. ఏ పాలనైనా చక్రంలా తిరిగి చెడక తప్పదని గ్రీకు చరిత్రకారుడు పోలిబియస్ అన్నాడు. రాజవంశం ఆయుష్షు మూడు నాలుగు తరాలేనన్నాడు ఇబ్న్ ఖల్దూన్. జర్మనీ స్పెంగ్లర్ అయితే 1918లో ఏకంగా పడమటి నాగరికతకే పాడె కట్టేశాడు. అందరి సారమూ ఒకటే: ఎక్కినవాడు దిగక తప్పదు, మనం చేయగలిగిందేమీ లేదు.

ఈ వాదనకు మన తీరమే బోలెడంత సాక్ష్యం ఇస్తుంది. 1786లో నెల్లూరు దగ్గర ఒక రైతు గుట్ట వార పొలం దున్నుతుంటే నాగలి ఇటుకలకు తగిలింది. తవ్వి చూస్తే పాత గుడి తాలూకు శిథిలాలు, వాటికింద ఓ చిన్న కుండ, అందులో రోమన్ బంగారు నాణేలు. వాటి మీద ట్రేజన్, హేడ్రియన్, ఫాస్టీనా బొమ్మలు. కొన్ని అప్పుడే టంకశాల నుంచి వచ్చినంత కొత్తగా ఉన్నాయట. పాపం ఆ రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా నాణేలు కంసాలి మూసలో కరిగిపోయాయి. రోమూ పోయింది, దాని నాణెమూ పోయింది. విక్రమసింహపురం, అంటే ఈ నెల్లూరే, దాన్ని ఏలిన మనుమసిద్ధి గద్దె కూడా నిలవలేదు. ఓడలు బండ్లవుతాయని ఊరికే అనలేదు పెద్దలు.

అయితే మనకు కాస్త ఎగువన, బాపట్ల తీరంలో, మోటుపల్లి ఉంది. ఇప్పుడది చేపల పల్లె. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ ఒక శాసనం వేయించాడు. గాలివానకు కొట్టుకొచ్చి ఒడ్డెక్కిన ఓడల సరుకును వెనకటి రాజులు లాగేసుకునేవారు. తాను మాత్రం న్యాయమైన సుంకం తప్ప ఏమీ ముట్టనని దేశవిదేశాల వర్తకులకు రాతిమీద అభయమిచ్చాడు. రాజు తన చేతులు తానే కట్టుకున్న రాత అది. నాకు ఆ శాసనం కంటే తర్వాత జరిగింది మరీ ముఖ్యం. 1323లో ఓరుగల్లు పడిపోయింది, కాకతీయుల కథ ముగిసింది. ముప్పై అయిదేళ్లకు, 1358లో, రెడ్డిరాజు అనవోతారెడ్డి అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిస్తూ శాసనం వేయించాడు. వంశం మారింది, మాట మళ్లీ నిలబడింది. ఇందులో చక్రమేదీ నాకు కనపడలేదు. ఎవరో ఒకరు పనిగట్టుకుని నిలబెట్టారు, అంతే.

ఇటు దక్షిణాన, పాత నెల్లూరు జిల్లాలోనే, పులికాట్ ఉత్తరపు కొసన దుగరాజపట్నం ఉంది. ఆంగ్లేయులు 1626లో అక్కడ ఆర్మగాం అని పేరుపెట్టి కోట, గిడ్డంగి కట్టుకున్నారు. పదమూడేళ్లకు వాళ్ల అధికారి ఫ్రాన్సిస్ డే మద్రాసు వైపు చూశాడు. అక్కడ బట్ట చౌక, పైగా దామెర్ల నాయకులు రమ్మన్నారు. దుగరాజపట్నం ఖాళీ అయింది. విధి కాదు, వ్యాపారపు లెక్క. 2014 విభజన చట్టం పదమూడో షెడ్యూలు అదే ఊరికి కేంద్రం పెద్ద ఓడరేవు కడుతుందని, తొలిదశ 2018 చివరికి పూర్తవుతుందని రాసిపెట్టింది. రేవు రాలేదు. పక్కనే షార్ రాకెట్ కేంద్రం అన్నారు, పులికాట్ పక్షులన్నారు, కృష్ణపట్నం రేవు ఉండగా గిట్టదన్నారు. కారణాలు సరైనవే కావచ్చు. కానీ చట్టం రాసేనాటికి షార్, పులికాట్, కృష్ణపట్నం అన్నీ ఉన్నవే కదా! రాసినవాళ్లను, చేతులెత్తి ఆమోదించినవాళ్లను ఆ ఒక్క ముక్క గట్టిగా అడిగినవాళ్లు ఎందరు? ప్రజాస్వామ్యం అరిగిపోవడం నాకు ఇక్కడ కనిపిస్తుంది. టీ బంకు దగ్గర మాత్రం దాన్ని కలికాలం ఖాతాలో వేసేస్తాం.

అడిగితే ఏమవుతుందో కూడా ఈ జిల్లాకు తెలుసు. మెట్టసీమలో దూబగుంట. 1990ల మొదట్లో రాత్రిబడుల్లో అక్షరాలు దిద్దుకుంటున్న ఆడవాళ్లు పాఠంలో సారా కథ చదివి, అది తమ ఇంటి కథేనని గుర్తుపట్టారు. 'వారుణి వాహిని' పేరుతో సర్కారే ప్యాకెట్లలో ఊరూరా అందించిన సారా అది. కూలి డబ్బు ఇల్లు చేరకముందే అందులో కలిసిపోయేది. వర్ధినేని రోశమ్మ వంటివారు ముందు నిలిచారు. 1992లో నెల్లూరులో సారా వేలంపాటకు తేదీ పెట్టడం, ఆడవాళ్లు వచ్చి అడ్డం కూర్చోవడం, పాట వాయిదా పడటం, ఇదే వరస. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు.

ఇక్కడితో ఆపేస్తే కథ బాగుంటుంది, కానీ నిజం అక్కడ ఆగలేదు. 1997లో ఆ నిషేధం సడలింది. 2024 అక్టోబరులో రాష్ట్రంలో 3,396 మద్యం దుకాణాలకు లాటరీ తీశారు. మద్యనిషేధం మంచిదా కాదా అన్నది వేరే చర్చ, నాకూ అనుమానాలున్నాయి. సారా పాటను ఆపింది జనమే. వాళ్లు ఇళ్లకు వెళ్లాక మిగతాది ఖజానా లెక్క చూసుకుంది.

మన ఓటరు మీద నాకు గుడ్డి నమ్మకమేమీ లేదు. 1977లో ఉత్తరాది ఎమర్జెన్సీని ఓడిస్తే, ఆంధ్రప్రదేశ్ 42 సీట్లలో 41 కాంగ్రెసుకే కట్టబెట్టింది. మొన్నటికి మొన్న 2018 ఆగస్టులో పంచాయతీల గడువు తీరితే 2021 ఫిబ్రవరి దాకా ఎన్నికలే లేవు. రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారులే ఊళ్లు నడిపారు. ఏ పార్టీ గెలుస్తుందని పందేలు కాసినంత హుషారుగా మన ఊరికి సర్పంచి ఎందుకు లేడని అడిగిన ఊళ్లు అరుదు. తీరా ఎన్నికలు వచ్చాక ఏకగ్రీవం చేసుకుంటే బహుమానమన్నారు. పోటీ లేకపోవడానికి బహుమతి!

మద్యం మాట, రేవు మాట అలా ఉంచండి. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకేరోజు గ్రామసభలు పెట్టారు. మీ ఊళ్లో ఏ తీర్మానం చేశారో తీర్మానాల పుస్తకంలో ఉండాలి. ఈసారి గ్రామసభ అని చాటింపు వేసినప్పుడు వెళ్లండి, ఆ పుస్తకం తెరిచి పోయినసారి రాసింది చదవమనండి. చదివి వినిపించేదాకా లేవకండి.