ప్యాకెట్ ముందు ‘మల్టీగ్రెయిన్’.. వెనకాల మైదా! ప్రాసెస్డ్ ఫుడ్‌ను షాపులోనే గుర్తుపట్టడం ఎలా?

ప్యాకెట్ మీద పెద్ద అక్షరాల్లో ‘మల్టీగ్రెయిన్’ అని ఉంటుంది. పక్కన గోధుమ వెన్నుల బొమ్మ. వెనక్కి తిప్పితే మాత్రం చాలా బిస్కెట్లలో కనిపించే మొదటి పేరు ‘రిఫైన్డ్ వీట్ ఫ్లోర్’. అంటే మన మైదానే. సూపర్ మార్కెట్‌లో జనం బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే.

ఓఆర్ఎస్ నేర్పిన పాఠం

పేరు చూసి నమ్మితే ఏమవుతుందో ఓఆర్ఎస్ వివాదం చూపించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం అసలు ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉంటుంది. అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న డ్రింకులు కూడా అదే పేరు తగిలించుకుని మెడికల్ షాపుల్లో అమ్ముడయ్యాయి. విరేచనాలైన పిల్లలకు ఇంత చక్కెర పడితే పరిస్థితి ఇంకా ముదురుతుంది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ దీనిపై ఏళ్ల తరబడి పోరాడారు. చివరికి 2025 అక్టోబర్‌లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. అంతకుముందు 2024లో ‘100 శాతం పండ్ల రసం’ అనే మాటను కూడా లేబుళ్ల మీద నుంచి తీసేయమంది.

ప్రాసెస్ చేసినవన్నీ చెడ్డవేనా?

కాదు. మర ఆడించిన బియ్యం, ప్యాకెట్ పాలు, పెరుగు, ఇడ్లీ రవ్వ.. ఇవీ ఏదో ఒక మేరకు ప్రాసెస్ చేసినవే. వీటితో పేచీ లేదు. అసలు సమస్య ‘అల్ట్రా ప్రాసెస్డ్’ రకంతోనే.

పల్లీలనే తీసుకోండి. పచ్చి పల్లీలు అసలు సరుకు. వేయించి ఉప్పు వేస్తే ప్రాసెస్డ్. పీనట్ బటర్‌లో మాత్రం రెండు రకాలు ఉంటాయి. ఒక సీసాలో పల్లీలు, ఉప్పు అంతే. ఇంకో దాంట్లో చక్కెర, హైడ్రోజనేటెడ్ ఫ్యాట్, ఎమల్సిఫయర్ కలుస్తాయి. రెండింటి పేరూ ఒకటే. తేడా తెలిసేది వెనకాల జాబితాలోనే.

వెనక్కి తిప్పితే చూడాల్సినవి ఇవే..

* మొదటి మూడు పేర్లు: ఏది ఎక్కువ బరువు ఉంటే దాన్నే ముందు రాయాలన్నది రూల్. మైదా, చక్కెర, పామాయిల్ ముందుంటే సంగతి అర్థమైనట్టే.
* వంటింట్లో లేని పేర్లు: మాల్టోడెక్స్‌ట్రిన్, ఇన్వర్ట్ సిరప్, ఫ్లేవర్, రంగులు, ఎమల్సిఫయర్ 471 లాంటివి కనిపిస్తే అది చాలావరకు అల్ట్రా ప్రాసెస్డే.
* చక్కెర మారుపేర్లు: లిక్విడ్ గ్లూకోజ్, డెక్స్‌ట్రోజ్, కార్న్ సిరప్.. పేరు ఏదైనా చక్కెర జాతే.
* 100 గ్రాముల లెక్క: ‘ఒక సర్వింగ్‌కు’ అని రాసిన అంకె చిన్నగానే కనిపిస్తుంది. రెండు ప్యాకెట్లను పోల్చాలంటే 100 గ్రాముల లెక్కే చూడాలి.
* ‘పండ్లతో చేసినది’ అన్న మాట: పండు 10 శాతమే ఉన్నా ఇలా రాసుకునే వీలుందని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ ఎన్ఐఎన్ 2024 మార్గదర్శకాల్లో హెచ్చరించింది.

తెలుగులో రాయరెందుకు?

అసలు చిక్కు ఇంకోటి ఉంది. రూల్ ప్రకారం లేబుల్ ఇంగ్లిష్‌లో గానీ హిందీలో గానీ ఉంటే చాలు. తెలుగు తప్పనిసరి కాదు. టీవీ యాడ్ తెలుగులో వస్తుంది, పదార్థాల జాబితా మాత్రం చిన్న ఇంగ్లిష్ అక్షరాల్లో ఉంటుంది. ఇంగ్లిష్ రాని అమ్మలు, అమ్మమ్మలు పిల్లల టిఫిన్ బాక్సులోకి ఏం వెళ్తోందో ఎలా తెలుసుకోవాలి?

చిలీలో 2016 నుంచే చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువైతే ప్యాకెట్ ముందు నల్లటి గుర్తు వేస్తున్నారు. చదువు రాకపోయినా విషయం అర్థమవుతుంది. మన దగ్గర ఎఫ్ఎస్ఎస్ఏఐ 2022లో స్టార్ రేటింగ్ ముసాయిదా తెచ్చింది. హెచ్చరిక గుర్తు కావాలి గానీ స్టార్లు కాదని వినియోగదారుల సంఘాలు అభ్యంతరం చెప్పాయి. లేబుల్ నిబంధనలు తేల్చేందుకు సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో మూడు నెలల గడువిచ్చింది. జులైలో దాన్ని మరో మూడు నెలలు పొడిగించింది.

ముందు వైపు హెచ్చరిక వచ్చేదాకా కొనేవాళ్లకు దారి ఒక్కటే. బిల్లింగ్ కౌంటర్‌కు వెళ్లే ముందే ప్యాకెట్‌ను వెనక్కి తిప్పడం.. చదవలేని పెద్దలకు పక్కనున్నవాళ్లు చదివి చెప్పడం.