ఎర్రదీపం మిణుకుమంటే

పాతకాలపు వీడియో గేముల పెట్టెకి ఒక జబ్బు వుంది. మీట నొక్కగానే ఎర్రదీపం సెకనుకొకసారి వెలుగుతూ ఆరుతూ వుంటుంది. టీవీలో ఆట మొదలవదు. చూసినవాళ్లు పెదవి విరిచి, ప్రాణం పోయిందంటారు. చాలాసార్లు పోదు. గుమ్మం దగ్గర కాపలావాడు ఒప్పుకోవడం లేదు, అంతే!

నింటెండో కంపెనీవారు 1983లో జపానులో విడుదల చేసిన ఫామికామ్‌కి యీ కాపలా లేదు. కార్ట్రిడ్జిని పైనుంచి గుచ్చడమే. (1990లలో మన వూళ్లలో పిల్లలు ఆడుకున్న చవక టీవీ గేములు చాలావరకు దాని నకళ్లే.) ఆ రోజుల్లోనే అమెరికాలో వీడియో ఆటల వ్యాపారం కుప్పకూలింది. దుకాణాలవాళ్లు ఆ మాట ఎత్తితే ముఖం తిప్పుకునేవారు. అంచేత 1985లో అక్కడికి పంపిన ఎన్.ఇ.ఎస్. పెట్టెని వీడియో కాసెట్ ప్లేయరులా కనిపించేట్టు చేశారు. కార్ట్రిడ్జిని ముందునుంచి తోసి, కిందికి నొక్కాలి. లోపల 72 పిన్నుల కనెక్టరు. అనుమతి లేని ఆటలు ఆడకుండా పెట్టెలో ఒక తాళం చిప్పు, కార్ట్రిడ్జిలో దాని జోడు. రెండూ ఎడతెగకుండా సంకేతాలు చెప్పుకోవాలి. పిన్నులు బిగువు కోల్పోయినా, మురికి పట్టినా ఆ మాట కలవదు. చిప్పు యంత్రాన్ని మళ్లీ మళ్లీ మొదటికి తెస్తుంది. ఆ మిణుకు అదే సుమండీ.

న్యూజెర్సీ నించి ఒక పాఠకుడు రాశారు. రిపేరు షాపువాడు "పారేసి యింకోటి కొనుక్కోండి" అన్నాడట. పెట్టె కొనుక్కోవచ్చు. కాని ఆయన దగ్గర 1987 నాటి 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా' కార్ట్రిడ్జి వుంది, బంగారు రంగుది. అందులో తమ్ముడు తన పేరు కొట్టి, సగం ఆడి దాచుకున్న ఆట వుంది. తమ్ముడు యిప్పుడు లేడు.

అయ్యా, పెట్టె బాగుపడేదాకా ఆ కార్ట్రిడ్జిని అందులో పెట్టవద్దు. పరీక్షకి ఏదో ఒక చవక ఆట చాలు. నోటితో ఊదవద్దు, ఊపిరిలోని తడి పిన్నులకి చిలుము పట్టిస్తుంది. ఊదితే పనిచేసిందంటారా? తీసి మళ్లీ పెట్టినందువల్ల పనిచేసింది! ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన దూదిపుల్లతో, దూది నల్లబడడం మానేదాకా కార్ట్రిడ్జి అంచు తుడవండి. పెట్టె అడుగున ఆరు మరలు విప్పి, లోపలి రేకూ పళ్లెమూ తీస్తే కనెక్టరు చేతికొస్తుంది. దానికీ అదే వైద్యం. కొత్త కనెక్టర్లు అమ్ముతారు గాని, వాటిలో కొన్ని కార్ట్రిడ్జిని కరిచి పట్టుకుంటాయి. పాతదాన్నే శుభ్రం చేసుకోవడం మేలంటాను. తాళం చిప్పు 4వ కాలు ఎత్తేస్తే మిణుకు పోతుంది. మురికి పోదు కదా! (1993లో కంపెనీవారే తమ కొత్త నమూనాలో ఆ చిప్పు మానేశారు లెండి.)

అసలు గండం కార్ట్రిడ్జిలో వుంది. దాచిన ఆటని నిలబెట్టేది నాణెమంత బ్యాటరీ, 3 వోల్టులది. అది నీరసించినా, తెలియక ఊడదీసినా ఆటతోపాటు ఆ పేరూ చెరిగిపోతుంది. అంచేత టంకం కడ్డీ ముట్టుకోకముందే, కార్ట్రిడ్జిని కంప్యూటరుకి తగిలించే పరికరంతో దాచిన ఆటకి ఒక నకలు తీయించండి. అవి యిప్పుడు దొరుకుతున్నాయి. కొత్త బ్యాటరీ వేశాక ఆ నకలు తిరిగి ఎక్కించవచ్చు. ఆ తరవాత ఎప్పుడు ఆట చూసుకున్నా, రీసెట్ మీట నొక్కిపట్టి వుంచి పవరు ఆపండి.