దోపిడికాండ్ర త్రాసు

"దోచుకొనువారికి త్రాసెందుకండీ?" అని తొమ్మిదవ తరగతి బాలుడొకడు నన్నడిగెను. వైకింగులను గూర్చిన చరిత్ర పాఠము చదివి వచ్చినవాడు. నేను తెలుగు పండితుడనే యైనను, ఆ ప్రశ్న నన్ను విడువలేదు.

నాణెములు ముద్రింపని జాతి అనాగరికమని మనలో ననేకుల తలంపు. అది పొరపాటని నా యభిప్రాయము. 1840లో ఇంగ్లండునందు రిబుల్ నదిగట్టును బాగుచేయుచున్న కూలీలకు కుయర్డేల్ అను చోట సుమారు 40 కిలోల వెండి దొరికెను. క్రీ. శ. 905-910 ప్రాంతమున పాతిపెట్టినదట. అందు ఏడువేలకు పైబడిన నాణెములతోబాటు వెండి కడ్డీలు, తునకలుగా నరికిన కంకణములు కలసియున్నవి. నాణెమైనను కంకణమైనను వారికి వెండియే. ముద్రకు గాక తూకమునకే విలువ. సరకునకు తగినంత కడ్డీనుండి నరికి యిచ్చెడివారు. పుచ్చుకొనువాడు కత్తిమొనతో గాటు పెట్టి, లోపలిదాక వెండియేనా, పైపూతయా యని చూచుకొనెడివాడు. ఆ గాట్లు నేటికిని కనబడును. కంసాలి ఒరగల్లు నెరిగిన తల్లులకు దీనిని విప్పి చెప్పనక్కరలేదు. మడిచి సంచిలో వేసికొను త్రాసులు, సీసపు తూనికరాళ్లు వారి సమాధులలో సైతము దొరికినవి. ఇంతటి లెక్క తెలిసినవారిని వట్టి మొరటువారనుట న్యాయము కాదు.

అయితే వారిని వట్టి వర్తకులని మెచ్చుకొనుటయు నాకు సమ్మతము కాదు. ఆ వెండి యెట్లు వచ్చినది? 845లో పారిసును విడిచి పోవుటకై బట్టతల చార్లెసని పేరుపడిన ఫ్రాంకుల రాజు 7,000 పౌనుల వెండి నిచ్చుకొనెను. తూర్పునుండి వచ్చినది మరింత విస్తారము. స్వీడనులోని గోట్లండు ద్వీపమున, స్పిల్లింగ్సు అను చోట 1999లో 67 కిలోల వెండి బయటపడెను. అందలి పదునాలుగు వేలకు పైబడిన నాణెములు దాదాపు అన్నియు ముస్లిము రాజ్యముల దిర్హములే. రష్యా నదుల వెంబడి వచ్చిన ఆ దిర్హములకు మారుగా వైకింగులు అమ్మినవి బొచ్చుతోళ్లు, తేనె, మైనము; పట్టి తెచ్చిన మనుష్యులును.

కావున ఆ బాలునితో, "దోచినది పంచుకొనుటకు త్రాసు కావలెను, మనిషిని అమ్మి వెల పుచ్చుకొనుటకును త్రాసే కావలెను" అంటిని. వాడు కొంతసేపు మాటాడలేదు. పాఠ్యగ్రంథమున ఓడలకును కత్తులకును పుటలున్నవి గాని, ఈ త్రాసును గూర్చి ఒక్క వాక్యమైనను లేదు. ఉండవలెను.

పిల్లల కొకసారి చూపదలచితిని గనుక, ఇంట పాత కంసాలి త్రాసుగాని ఒరగల్లుగాని యున్న తల్లిదండ్రులు ఒక్క దినమునకు ఎరువిచ్చిన, జాగ్రత్తగా తిరిగి పంపగలను.