చిట్టా ఒక్కటే ఉండాలి

పిల్లవాడు ఏం చేస్తున్నాడని ఒకప్పుడు ఎవరైనా అడిగితే మన కుటుంబాలలో జవాబు ఒక్క మాటతో తేలిపోయేది. మగ్గం అనో, కొట్టు అనో, బడిపంతులనో, రైల్వే అనో, ఆస్పత్రి అనో చెప్పి ఊరుకునేవారు. ఇప్పుడు అడిగి చూడండి. "ఇంట్లో కూర్చునే చేస్తున్నాను, పెదనాన్నా" అంటారు. ఎవరి దగ్గర అంటే, "ఎవరి దగ్గరా కాదు, నలుగురి దగ్గరా" అంటారు. దీనికి ఫ్రీలాన్సర్ అని పేరు. ఒకరు బొమ్మలు గీస్తారు, ఒకరు లెక్కలు చూస్తారు, ఒకరు అనువాదాలు చేస్తారు. నెల జీతం లేదు, పై అధికారి లేడు, గంట కొట్టేవాడు లేడు.

తక్కిన ఊళ్ళ పెద్దలకు ఇది వింతగా తోచవచ్చును గాని, గుడియాతం పెద్దలకు తోచకూడదు. లుంగీలు నేసే ఇళ్ళలో జరిగేదీ ఇదే గదా! షావుకారు నూలు ఇస్తాడు. నేతగాడు తన ఇంట్లో, తన మగ్గం మీద నేసి ఇచ్చి, నేసినదానికి కూలి పుచ్చుకుంటాడు. పనికి వేళ లేదు, గడువు మాత్రం ఉన్నది. అయితే ఒక భేదం ఉన్నది. మగ్గం మీది పడుగు కంటికి కనిపిస్తుంది. ఎంత నేశారో, ఎంత మిగిలిందో ఇంట్లో చిన్నపిల్ల సైతం చూసి చెప్పగలదు. ఈ కాలపు పని కంప్యూటరు లోపల ఉంటుంది. నలుగురి పని నాలుగు మూలల ఉంటుంది. దానిని కంటికి కనిపించేటట్లు చేసుకోవడమే ఈ వృత్తిలో సగం పని. ఈ సంగతి మా ఇంట్లోనే అనుభవానికి వచ్చినది కనుక ఈ నెల దానిని గురించి ముచ్చటిస్తాను.

మా తమ్ముడి కూతురు గుడియాతంలో ఉంటున్నది. తెలుగు, తమిళం, ఇంగ్లీషు మూడూ వచ్చిన పిల్ల. ఇంట్లోనే కూర్చుని అనువాదాలు చేస్తుంది, ప్రూఫులు దిద్దుతుంది. నిరుడు వైకాసి మొదటి రోజున గంగమ్మ శిరసు తిరునాళ్ళకు వేలూరు నుంచి మేమందరమూ అక్కడికి వెళ్ళాము. ఆ రోజు ఆ ఊరి సందడి మీకు తెలియనిది కాదు. సాయంకాలం వాకిట్లో చాపలు పరుచుకుని కూర్చున్న వేళ, పిల్ల ఫోను తీసి చూసుకుని తెల్లబోయింది.

ఒక సంస్థవారి నలభై పేజీల పుస్తకం ఆ ఉదయమే వారికి అందవలసి ఉన్నది. ముందు వారు 22వ తేదీ అన్నారు. తరువాత 15కు మార్చుతూ వాట్సాప్‌లో ఒక ముక్క రాశారు. ఈమె దానిని కాట్పాడి బస్సులో నిలబడి చదివి, ఇంటికి వెళ్ళి రాసుకుందాములే అనుకున్నది. ఆ రోజు మధ్యాహ్నం దాకా వారు మూడుసార్లు ఫోను చేశారట. మేళాల హోరులో ఎవరికి వినపడుతుంది? పనిని వేరొకరికి ఇచ్చివేశారు. అప్పటికి సగం పైగా చేసిన దానికి డబ్బు లేదు. డబ్బు పోతే పోయింది, "మీరు మాట మీద నిలబడతారనుకున్నాము" అని వారు రాసిన ఒక్క వాక్యం ఆ పిల్లను రాత్రంతా నిద్రపోనివ్వలేదు. తప్పు వారిది కాదని ఆమెకూ తెలుసు.

మర్నాడు కాఫీ తాగుతూ, "పనులన్నీ ఎక్కడ రాసుకుంటావమ్మా?" అని అడిగాను.

"కొన్ని వాట్సాప్‌లోనే ఉంటాయి పెదనాన్నా. కొన్ని ఈమెయిలులో. కొన్ని గోడ క్యాలెండరు మీద. మిగతావి గుర్తుంటాయి."

"గుర్తున్నాయా?" అన్నాను. పిల్ల తల వంచుకున్నది. అడగకుండా ఉండవలసిందని తరువాత అనిపించింది.

పౌరుషం గల పిల్ల. ఆ వారంలోనే పనుల పట్టీ రాసుకునే యాపులు నాలుగు ఫోనులో దింపింది. ఒకదానిలో రంగులు, ఒకదానిలో గంటలు, ఒకదానిలో గీతల పటాలు. రెండు వారాల తరువాత ఎలా ఉన్నదని అడిగితే నవ్వి, "రంగులు వేయడానికే రెండు పూటలు పట్టింది పెదనాన్నా, పని ముట్టుకోలేదు" అన్నది. పైగా, ఏ పని ఏ యాపులో రాసిందో వెతుక్కోవడం ఒక కొత్త పని అయినది!

అప్పుడు ఆమెకు వేలూరు లాంగు బజారులో ఉండిన మా నాన్నగారి కొట్టు సంగతి చెప్పాను. ఆ కొట్టులో పుస్తకాలు రెండు: చిట్టా, ఆవర్జా. ఏది జరిగినా జరిగిన వేళకే, జరిగిన వరుసలోనే చిట్టాలో పడాలి. రాత్రి కొట్టు కట్టేముందు చిట్టాలోని పద్దులను ఆవర్జాలో ఎవరి పేరు కింద వారికి ఎక్కించాలి. చిట్టా ఒక్కటే ఉండాలి. జేబులో చీటీ మీద రాసుకున్న బాకీ వసూలు కాదని ఆయన అనేవారు. ఈ యాపులన్నీ వేషం మార్చుకుని వచ్చిన ఆ రెండు పుస్తకాలే. టుడూయిస్ట్ అనే యాపులో ఇన్‌బాక్స్ అనేది చిట్టా, ప్రాజెక్టులనేవి ఆవర్జా. ఇది తెలిసిన తరువాత ఏది మంచిదన్న ప్రశ్న పోయి, నా పనికి ఏది సరిపోతుందన్న ప్రశ్న మిగులుతుంది.

పనులు కొద్దిగా ఉండి, ఉత్తరాలన్నీ జీమెయిలులోనే నడిచేవారికి గూగుల్ టాస్క్స్ చాలు. అది ఆ ఉత్తరాల పక్కనే, గూగుల్ క్యాలెండరులోనే కనిపిస్తుంది. ప్రతి శుక్రవారమూ, ప్రతి నెలా మళ్ళీ మళ్ళీ వచ్చే పనులున్నవారికి టుడూయిస్ట్ వీలు. ఇంగ్లీషులో "ప్రతి శుక్రవారం" అని కొడితే తేదీలు అదే వేసుకుంటుంది. పట్టీ చూడగానే గుండె దడ పుట్టేవారికి మైక్రోసాఫ్ట్ టుడూలో "నా దినం" అనే పుట ఒకటి ఉన్నది. అది రోజూ ఉదయం ఖాళీగా తెరుచుకుంటుంది. ఆనాటికి చేయగలిగినవి మాత్రం మనమే ఏరి పెట్టుకోవచ్చును. నోషన్ అనేది ఇటుకలూ సున్నమూ ఇచ్చి ఇల్లు నువ్వే కట్టుకోమంటుంది. ఓపిక గలవారికి మంచిదే గాని, గడువు నెత్తిమీద ఉన్నప్పుడు ఇల్లు కట్టడం మొదలుపెట్టరాదు.

పని మెట్లు మెట్లుగా సాగేవారికి ట్రెల్లో. ఇది 2011లో అమెరికాలో పుట్టింది. ఒక్కొక్క పనికి ఒక్కొక్క చీటీ. ఆ చీటీని వేలితో ఒక వరుసలోనుంచి మరొక వరుసలోకి జరుపుతాము. ఈ పద్ధతికి మూలం జపానులోని టొయోటా కార్ల కర్మాగారం. రెండవ ప్రపంచ యుద్ధానంతరం తాయిచీ ఓనో అనే ఇంజనీరు అక్కడ ప్రవేశపెట్టిన కాన్‌బాన్ చీటీలు ఇందుకు పెద్దలు. ముందువారికి కావలసినంతే వెనుకవారు తయారుచేయాలి, చేతిలో పని పేరుకుపోకూడదు అన్నది ఆయన సూత్రం. మా పిల్ల చివరకు దీనినే ఉంచుకుని తక్కిన మూడూ తీసివేసింది. ఆమె పెట్టుకున్న వరుసలు నాలుగు: వచ్చినవి, చేస్తున్నవి, ఇచ్చినవి, డబ్బు రావలసినవి. డబ్బు చేతికి వచ్చేదాకా చీటీ చెరపదు.

ఆ నాలుగో వరుసను గురించి ఒక మాట. పని ఇచ్చినప్పటికీ డబ్బుకు తిరిగి తిరిగి విసిగిపోయేవారు ఈ వృత్తిలో చాలామంది. చిన్న పరిశ్రమలకోసం 2006లో వచ్చిన కేంద్ర చట్టం సేవలందించేవారికి కూడా వర్తిస్తుంది. ఉద్యమ్‌లో పేరు నమోదు చేసుకున్న చిన్న వృత్తిదారుకు, పని స్వీకరించిన నాటి నుంచి ఒప్పందం ప్రకారం డబ్బు చెల్లించవలెను. ఒప్పందం ఏదైనా ఆ గడువు 45 రోజులు దాటరాదు. దాటితే వడ్డీ కూడా ఇవ్వవలెను. 2020 జూలై 1 నుంచి నడుస్తున్న ఆ నమోదుకు రుసుము లేదు. అయితే ఏ రోజున ఇచ్చామో, ఏ రోజున వారు సరేనన్నారో మన దగ్గర రాసి ఉండకపోతే ఏ చట్టమైనా ఏం చేస్తుంది? ఆ రెండు తేదీలూ చీటీ మీదనే ఉండాలి.

యాపు ఎంచుకునేవారు నాలుగు ప్రశ్నలు వేసుకోవలెనని నా మనవి. బస్సులో నిలబడి ఉన్నా అర నిమిషంలో రాసుకోగలమా? ఫోనులో రాసినది కంప్యూటరులోనూ కనిపిస్తుందా? ఉచితంగా ఇచ్చే భాగం మన పనికి చాలుతుందా? నాలుగోది అందరూ మరిచేది: రేపు ఆ యాపు మూతపడితే మన పట్టీని బయటికి తెచ్చుకోగలమా? ఇది ఉత్త అనుమానం కాదు. బెర్లినులో పుట్టిన వండర్‌లిస్ట్ అనే యాపును లోకమంతటా ఎందరో వాడుకునేవారు. 2015లో మైక్రోసాఫ్ట్ దానిని కొని, 2020 మే 6న మూసివేసింది. తమ పట్టీలను టుడూలోకి మార్చుకునే వీలు కల్పించారు గనుక సరిపోయింది. ఎందుకైనా మంచిది, నెలకొకసారి పట్టీకి నకలు తీసి పెట్టుకోండి.

ఇక యాపు చేయలేనిది ఒకటి ఉన్నది. మాట ఇచ్చిన క్షణాన రాసుకోవడం మన చేతిలో ఉన్నది. గడువు మారితే పాతది కొట్టివేసి కొత్తది వేయడం మన చేతిలో ఉన్నది. రాత్రి పది నిమిషాలు కూర్చుని రేపటిది చూసుకోవడం కూడా మన పనే. మా పిల్ల ప్రతి చీటీ మీదా రెండు తేదీలు వేస్తుంది, వారికి ఇవ్వవలసినది ఒకటి, దానికి రెండు రోజుల ముందు తనకు తాను పెట్టుకున్నది ఒకటి. తిరునాళ్ళకూ, పెళ్ళిళ్ళకూ, జ్వరాలకూ ఆ రెండు రోజులు.

ఆనాడు పోయిన సంస్థవారు మళ్ళీ ఆమెను పిలవలేదు. ఆ బాధ ఉన్నది. కాని మొన్న నేను అక్కడ ఉండగానే చెన్నై నుంచి కొత్తవారు ఒకరు ఫోను చేసి, పదిహేను పేజీలు శనివారానికి కావాలన్నారు. వెనకటి పిల్ల అయితే వచ్చిన పని పోతుందేమోనన్న భయంతో వెంటనే సరేననేది. ఈసారి "ఒక్క నిమిషం ఉండండి సార్" అని తన వరుసలు చూసుకున్నది. "శనివారానికి వీలుపడదండీ. బుధవారం సాయంత్రానికి తప్పక ఇస్తాను" అన్నది. అవతలివారు కాసేపు ఆలోచించి సరేనన్నారు. ఆమె ఫోను పెట్టగానే చీటీ రాసి, తరువాతనే నా వైపు తిరిగింది.

పుస్తకం మంగళవారమే వెళ్ళిందట. ఇంటినుంచి పనిచేసే పిల్లలు మీ ఇళ్ళలోనూ ఉంటారు. వారు వాడుతున్న పద్ధతి ఏదైనా ఉంటే మాకు రాయండి. పది కుటుంబాలకు ఉపయోగపడుతుంది.